పలుగురాయిలో బంగారం: "స్ఫటిక సిర" అనొచ్చా?

ప్రశ్న: బంగారు గనుల మీద వ్యాసంలో క్వార్ట్జ్ వీన్‌ను "స్ఫటిక సిర" అని రాస్తే సరిపోతుందా? అందులోకి బంగారం ఎలా చేరుతుంది?

జవాబు: "స్ఫటికం" వద్దండి. ఉప్పు, పంచదార కూడా స్ఫటికాలే. చేలల్లో తెల్లగా కనబడే ఈ గట్టి రాయికి పలుగురాయి అనే మాట ఉండనే ఉంది. ఉత్త "పలుగు" అంటే మాత్రం గడ్డపార అనుకుంటారు, మాట పూర్తిగా రాయండి. "సిర"తో చిక్కు వేరు. వినగానే గొట్టం తోస్తుంది. ఇదేమో రాతి పగులు నిండా పేరుకున్న పలక. నేలమీద చారలా కనబడేది దాని అంచు. కోలారు బంగారు గనుల్లో దాని వెంటే 3 కిలోమీటర్లకు పైగా లోతుకు దిగారు. అక్కడ దీన్ని రీఫ్ అన్నారు, అక్కడి ఛాంపియన్ రీఫ్ గని పేరు అలా వచ్చిందే. నా ఓటు రీఫ్‌కే.

ఇక బంగారం సంగతి. భూమి లోతుల్లో సుమారు 250–400 డిగ్రీల సెల్సియస్ వేడిలో, నీళ్లూ కార్బన్ డయాక్సైడూ కలిసిన ద్రవం పగుళ్లలోకి ఎక్కుతుంది. బంగారం అందులో గంధకంతో జతకట్టి కరిగి ఉంటుంది. పక్కరాతిలో ఇనుముంటే గంధకం దానితో కలిసి పైరైట్ అవుతుంది, జత పోయిన బంగారం ద్రవంలోంచి విడిపడి అక్కడే దిగిపోతుంది. పగులు హఠాత్తుగా తెరుచుకుని పీడనం పడిపోయినా దిగుతుంది. కోలారు, హట్టి, మన రామగిరి బంగారు గనులు ఇనుమున్న షిస్టు (పొరలుగా చీలే రాయి) పట్టీల్లోనే ఉన్నాయంటే కారణంలో కొంత ఇదే.

ప్రశ్న: అయితే తెల్ల పలుగురాయి ఉన్నచోటల్లా వెతకొచ్చా?

జవాబు: చాలావాటిలో ఏమీ ఉండదు. ఫెల్డ్‌స్పార్ అనే ఖనిజం, పెద్ద అభ్రకం రేకులు కలిసి ఉంటే అది పెగ్మటైట్ అనే వేరే ముతక రాయి, వదిలేయండి. పాలలా తెల్లగా, మందంగా ఉన్నదీ తరచు ఖాళీయే. పగులు మళ్లీమళ్లీ తెరుచుకుని నిండినచోట సన్నని నల్లచారలు పడతాయి. పైరైట్ కరిగిపోయినచోట తుప్పు గుంటలు మిగులుతాయి. నమూనా అక్కడ తీయాలి, పక్కరాతిని కూడా కలిపి.

మరొకరు: బంగారంలా మెరిసి మోసగించే కాకిబంగారాన్ని సూదితో పట్టేయొచ్చు. పొడిస్తే బంగారం సొట్టపడుతుంది, పైరైట్ పొడిపొడి అవుతుంది, అభ్రకం రేకులుగా లేస్తుంది. మెరుగు లేని పింగాణీ మీద గీస్తే బంగారానిది పసుపు గీటు, పైరైట్‌ది ఆకుపచ్చ ఛాయ నలుపు. సుత్తితో కొట్టినప్పుడు వెల్లుల్లి వాసన వస్తే అది ఆర్సెనోపైరైట్, ఆర్సెనిక్ ఉన్న ఖనిజం. దాన్ని కాల్చొద్దు, ఆర్సెనిక్ పొగ విషం.

జవాబు: ఒక్క నమూనాను నమ్మడం అసలు తప్పు. టన్ను రాతికి 5 గ్రాములంటే మొత్తం కలిపి ఒక శనగగింజంత. పరీక్షకు తీసే 30 గ్రాముల పొడిలో ఒక ముతక రేణువు పడితే గని గొప్పదనిపిస్తుంది, పడకపోతే ఖాళీ అనిపిస్తుంది. ముతక బంగారం ఉందని అనుమానముంటే కిలో పొడిని జల్లెడ పట్టి, పైన మిగిలిన ముతకంతా ఒకటిగా, కింది మెత్తని దాంట్లోంచి రెండు భాగాలు విడిగా పరీక్షకు పంపాలి.