ఇంగ్లండులో న్యాయ సహాయ నిధుల కోత: న్యాయవాదులు కోర్టులను బహిష్కరించడం సబబేనా?

లీడ్స్ నివాసి:
2022 జూన్ చివర మొదలుపెట్టి అక్టోబరు 10 దాకా ఇంగ్లండు, వేల్స్‌లలోని క్రిమినల్ బారిస్టర్లు, అంటే నేరాల కేసులను కోర్టులో వాదించే న్యాయవాదులు, విడతలవారీగా విధులు బహిష్కరించారు. లాయరును పెట్టుకోలేని వారి కేసులకు న్యాయ సహాయం కింద ప్రభుత్వం తమకిచ్చే ఫీజులు 25 శాతం పెంచమని అడిగి చివరకు 15 శాతానికి ఒప్పుకున్నారు. పేదలకు న్యాయ సహాయం నిలబెట్టడానికే ఈ పోరాటమని వారు చెప్పినా, నాకది ఫీజుల బేరంగానే కనిపించింది. కోవిడ్ కాలం నుంచి పేరుకుపోయిన విచారణలు మరింత వెనక్కి వెళ్లి, నిందితులతో పాటు బాధితులూ నెలల తరబడి ఎదురుచూడవలసి వచ్చింది.

మాజీ దుభాషి:
మీరు 2022 దగ్గర మొదలుపెట్టారు గానీ, అసలు దెబ్బ 2013 ఏప్రిల్‌లోనే పడింది. 2012 నాటి చట్టం ఆ నెలలో అమలులోకి వచ్చి విడాకులు, పిల్లల సంరక్షణ, అప్పులు, సంక్షేమ భృతుల తగాదాలను చాలావరకు న్యాయ సహాయం పరిధి నుంచి తప్పించింది. గృహహింస బాధితులకు మినహాయింపు ఇచ్చారు కానీ, రుజువులు చాలావరకు గత రెండేళ్ల లోపువై ఉండాలన్నారు.

2015లో ఒక కుటుంబ న్యాయస్థానంలో ఒక తెలుగు అమ్మాయికి దుభాషిగా కూర్చున్నాను. కాగితాలన్నీ ప్లాస్టిక్ సంచిలో తెచ్చుకుంది. ఆమె గాయాల గురించి డాక్టరు రాసిన ఉత్తరానికి రెండేళ్లు దాటి మూడు నెలలైంది. ఆ మూడు నెలల వల్ల ఆమెకు లాయరు లేకపోయారు. పదేళ్లు కాపురం చేసిన భర్త లేచి ఇంగ్లీషులో ప్రశ్నలు వేస్తుంటే, అవే మాటలు ఆమెకు నేను తెలుగులో చెప్పవలసి వచ్చింది. ఆమె జవాబులన్నీ నా ముఖం చూస్తూనే చెప్పింది.

కక్షిదారుల తరఫున కేసు సిద్ధం చేసే సొలిసిటర్ల సంఘం లా సొసైటీ మద్దతుతో ఒక మహిళా సంస్థ నడిపిన కేసులో, ఆ రెండేళ్ల గడువు చెల్లదని 2016 ఫిబ్రవరిలో అప్పీలు కోర్టు తేల్చింది. గడువు పూర్తిగా పోవడానికి 2018 దాకా పట్టింది.

లీడ్స్ నివాసి:
ఆ అమ్మాయి విషయంలో నేను ఎదురు చెప్పలేను. అయితే అది కుటుంబ కోర్టు సంగతి. సమ్మె చేసినవారు క్రిమినల్ బారిస్టర్లు. రెండింటినీ ఒకటిగా చూపడం న్యాయమేనా?

క్రాయిడన్ సొలిసిటర్:
కోర్టులు వేరన్న మీ మాట నిజమే, కానీ రెండు కోతలూ పెట్టింది ఒకే ప్రభుత్వ శాఖ. 2014 మార్చిలో మా ఫీజులు 8.75 శాతం తగ్గించారు. అంతకు ముందే సంక్లిష్టమైన కేసుల్లో బారిస్టర్ల ఫీజులు 30 శాతం కోసేయడంతో, ఆ మేలో లండన్‌లోని ఒక మోసం కేసులో నిందితుల తరఫున వాదించేవారే దొరక్క జడ్జి విచారణ ఆపేశారు. ఆ నిర్ణయాన్ని అప్పీలు కోర్టు తిరగదోడిందన్నదీ నిజమే, అయినా అంతవరకు రావడమే నన్ను కలవరపెట్టింది.

సమ్మె వల్ల బాధితులు నష్టపోయారన్న మీ ఆవేదనను నేను తోసిపుచ్చను. కానీ వృత్తిలో తొలి మూడేళ్లలో ఉన్న క్రిమినల్ బారిస్టర్లలో సగంమందికి ఖర్చులు పోగా ఏడాదికి 12,200 పౌండ్లు కూడా మిగలడం లేదని వారి సంఘం చెప్పింది. వారు వెళ్లిపోతే ఆ బాధితుల కేసులు ఎవరు నడుపుతారు? మా కార్యాలయంలో అరెస్టయినవారి కోసం రాత్రిపూట పోలీసు స్టేషన్ నుంచి వచ్చే ఫోను తీయడానికి ఒకప్పుడు ఐదుగురం ఉండేవాళ్లం. ఇప్పుడు ఇద్దరం, ఇద్దరిలో నేనే చిన్నవాణ్ణి, నాకు యాభై ఒకటి.