అప్‌డేట్: టోల్యూన్ ట్యాంక్ పక్క మట్టిలో వాసన, కారణం దొరికింది

పైడిభీమవరం వైపు మా యూనిట్‌లో వాన పడితే టోల్యూన్ (త్వరగా ఆవిరయ్యే ద్రావకం) ట్యాంక్ దగ్గర వాసన వస్తోందని, మట్టి రిపోర్టులో మాత్రం ఏమీ లేదని, కారణం ఏమై ఉంటుందని ఇంతకుముందు ఇక్కడ అడిగాను. సలహాలిచ్చిన అందరికీ థాంక్స్.

మొదటి ల్యాబ్ వాళ్లు నాలుగు మూలల మట్టిని ట్రేలో కలిపి, పాలిథిన్ కవర్లో పట్టుకెళ్లారు. కలిపేటప్పుడే టోల్యూన్ ఆవిరైపోతుంది, ఇక రిపోర్టులో ఏం కనబడుతుంది? "కలపొద్దు, లోతులవారీగా తీసి అక్కడికక్కడే మిథనాల్ వయల్‌లో (మిథనాల్ పోసిన చిన్న సీసా, టోల్యూన్‌ను ఆవిరి కాకుండా పట్టి ఉంచుతుంది) వేయించండి" అన్న సలహాయే పనిచేసింది. కొత్త కన్సల్టెంట్ అలాగే తీసి, ఐస్ బాక్స్‌లో 4 డిగ్రీల దగ్గర ఉంచి పంపారు. ట్యాంకర్ అన్‌లోడింగ్ పాయింట్ దగ్గర పైమట్టిలో దాదాపు ఏమీ లేదు. మీటరున్నర లోతులో, తడి మొదలయ్యే చోట, బూడిదరంగు తిరిగిన మట్టి గుప్పుమంది. టోల్యూన్ నీటికంటే తేలిక, భూమిలోని నీటిమట్టం మీదే తేలుతుంది. అందుకే వానకి నీళ్లు పైకొచ్చినప్పుడల్లా వాసన. తవ్వి చూస్తే భూమిలోని పైపు ఫ్లాంజ్ (పైపుల అతుకు) దగ్గర గ్యాస్కెట్ (అతుకులో పెట్టే సీలు) కారుతోంది.

ట్యాంక్ అడుగు బాగానే ఉంది. పీహెచ్, సీసం, క్రోమియం టెస్టులు దీనికి అక్కర్లేకపోయాయి.

పైపును నేలపైకి మార్చాం. పక్క ఊరి బోరు నీళ్లు కూడా పరీక్షించాల్సిందేనని పట్టుబట్టాను, వాటిలో టోల్యూన్ లేదు. వానలు తగ్గాక మట్టి నమూనాలు మళ్లీ తీయిస్తున్నాం.