ఫ్రీజ్ డ్రై మామిడి పొడి ముద్ద కడుతోంది, ఎందుకు?

ప్రశ్న (వరంగల్): బంగినపల్లి గుజ్జును ఫ్రీజ్ డ్రై చేశాను (గడ్డకట్టించి, వాక్యూమ్‌లో ఎండబెట్టడం), ఏమీ కలపలేదు. పొడి కొట్టి మామూలు జిప్ కవర్లలో పెడితే నెల తిరక్కుండానే బెల్లం అచ్చులా గట్టిపడుతోంది, రంగూ వెలిసిపోతోంది. తేమ 4 శాతమే. తప్పెక్కడ?

జవాబు 1: తేమ ఒక్కటే చూస్తే సరిపోదన్నా. మామిడి పొడిలో సింహభాగం చక్కెరలే. గాజులా పెళుసుగా ఉన్న చక్కెర మెత్తబడే ఉష్ణోగ్రత సుక్రోజ్‌కు సుమారు 62 డిగ్రీలు, గ్లూకోజ్‌కు 31, ఫ్రక్టోజ్‌కు 5. అదీ పూర్తిగా ఎండినప్పుడు. కాస్త తేమ తగిలితే ఇంకా దిగుతుంది. మన ఎండల్లో గది 40 దాటితే జిగురవక ఏం చేస్తుంది? గడ్డకట్టించే ముందే మాల్టోడెక్స్‌ట్రిన్ (పిండిపదార్థం నుంచి తీసే పొడి, మెత్తబడే ఉష్ణోగ్రతను పెంచుతుంది) కలపండి. లెక్క గుజ్జు బరువు మీద కాదు, ఘనపదార్థం మీద. బ్రిక్స్ (కరిగిన చక్కెర వగైరా ఘనపదార్థాల శాతం) 16 ఉన్న 10 కిలోల గుజ్జులో ఘనం దాదాపు 1.6 కిలోలు, దానికి 30 శాతమంటే 480 గ్రాములు.

జవాబు 2: మాల్టోడెక్స్‌ట్రిన్ 30 శాతంతోనే మొదలుపెట్టండి. ఎక్కువైతే రంగు పాలిపోయి, వాసన చప్పబడుతుంది.
ఇక మీ జిప్ కవరే అసలు దొంగ. పొడి నిండా సన్నని రంధ్రాలే కాబట్టి గాలి, వెలుతురు తగిలితే మామిడికి పసుపు రంగునిచ్చే కెరోటిన్ త్వరగా పోతుంది. అల్యూమినియం ఫాయిల్ పొర ఉన్న పౌచ్, నైట్రోజన్ నింపి సీల్. వానాకాలంలో ట్రే బయటికి తీశాక పది నిమిషాలు వదిలేసినా చెయ్యికి అంటుతుంది. ప్యాకింగ్ గదిలో గాలి తేమ 30 శాతం లోపే ఉండాలి.

జవాబు 3: ట్రే అడుగున ముడుచుకుని మెరిసే పొర కనిపిస్తోందా? అయితే గుజ్జు ఎండకముందే కరిగింది. మైనస్ 40 డిగ్రీలకు దింపి, సెంటీమీటరు మందం మించకుండా పోయండి.