1976 ఎంజీబీ రోడ్‌స్టర్ కిందికి దించాలి, గ్యారేజీలో స్ప్రింగ్ కోస్తామంటున్నారు, ఏం చెయ్యమంటారు?

రేపల్లె_టు_రీడింగ్:

అందరికీ నమస్కారం. మాది రేపల్లె, ఉండేది ఇంగ్లండ్ రీడింగ్‌లో. పోయిన అక్టోబర్‌లో 1976 ఎంజీబీ రోడ్‌స్టర్ ఒకటి కొన్నాను, నల్ల రబ్బర్ బంపర్ల మోడల్, 1798 సీసీ ఇంజన్, రెండు ఎస్‌యూ కార్బొరేటర్లు, తుప్పు పెద్దగా లేదు. ఈ బండి తయారైన అబింగ్డన్ మా ఇంటి నుంచి గంటలోపే, చిన్నప్పటి నుంచి ఇలాంటి ఓపెన్ కారు మీద ఎంత మోజంటే కొన్న రోజు రాత్రి రెండుసార్లు లేచెళ్ళి చూసొచ్చాను.

ఇబ్బంది ఏంటంటే బండి మునివేళ్ళ మీద నిలబడ్డట్టుంటుంది. టైరుకీ పైన రేకుకీ మధ్య నా పిడికిలి పెట్టినా ఇంకా ఖాళీ మిగులుతోంది. చూడ్డానికి బాగోలేదంటే సర్దుకుపోవచ్చు, కానీ రౌండెబౌట్ తిరుగుతుంటే పడవ ఒరిగినట్టు ఒరిగిపోతుంది, మా ఆవిడ తలుపు పట్టుకుని కూర్చుంటుంది. దగ్గర్లో ఒక గ్యారేజీకి తీసుకెళ్తే ముందు స్ప్రింగులు ఒకటిన్నర చుట్టు కోసేస్తే సరిపోతుంది, గంట పని అన్నాడు. నాకెందుకో మనసు ఒప్పలేదు. ఆన్‌లైన్‌లో చూస్తే ముందుకి ఇంచిన్నర పొట్టి స్ప్రింగులు, వెనక్కి ఇంచిన్నర లోయరింగ్ బ్లాకులు (యాక్సిల్‌కీ స్ప్రింగ్‌కీ మధ్య పెట్టే దిమ్మలు) అమ్ముతున్నారు, నాకు కావాల్సింది కూడా ఇంచిన్నరే కాబట్టి అవే ఆర్డర్ పెట్టేద్దామనుకుంటున్నా.

చక్రం మధ్య నుంచి పైన బాడీ పక్కనుండే క్రోమ్ పట్టీ వరకు కొలిచాను. ముందు కుడి 15¾, ముందు ఎడమ 16, వెనక కుడి 15½, వెనక ఎడమ 16 ఇంచులు. ఎవరైనా ఈ పని చేసినవాళ్ళుంటే చెప్పండి ప్లీజ్.

ఆర్మూర్_ఆటో:

తమ్మీ, ఆర్డర్ పెట్టకు, ముందుగాల ఇది చదువు. నేను బర్మింగ్‌హామ్‌ల ఉంటా, నా దగ్గర కూడ రబ్బర్ బంపర్ బీ ఉంది, ఏడేండ్లాయె.

ఆ బండి ఎందుకు ఎత్తుగ ఉందో తెలిస్తే ఎంత దించాల్నో నీకే అర్థమైతది. 1962లో మార్కెట్‌లకు వచ్చినప్పుడు అది అంత ఎత్తు లేదు. అమెరికాల బంపర్ల రూల్సు మారినయి, బంపర్ ఇంత ఎత్తుల ఉండాలె అన్నరు, వీళ్ళకు ఎక్కువ అమ్ముడయ్యేదే అక్కడ, అందుకని 1974 సెప్టెంబర్ల నల్ల బంపర్లు పెట్టి మొత్తం బండినే ఇంచిన్నర లేపిన్రు. అంటే నువ్వు దించుతున్నది కిందికి కాదు, ముందుగాల ఉన్న చోటికి. ఆ ఇంచిన్నర దాటి పోకు, ఇక్కడ రోడ్డు మీది హంపులు 100 మిల్లీమీటర్ల దాక కట్టొచ్చని రూలే ఉంది, సైలెన్సర్ గీసుకపోతది.

ఇగ నువ్వు చెయ్యబోయిన అసలు తప్పు ఇది. ముందు స్ప్రింగు చక్రం మీద డైరెక్టుగ కూర్చోదు, కింది ఆర్మ్ మీద సుమారు సగం దూరంల కూర్చుంటది. ఆర్మ్ సగం కాడ ఒక ఇంచి కదిలితే చివరన చక్రం రెండు ఇంచులు కదులుతది. అంటే స్ప్రింగే ఇంచిన్నర పొట్టిది వేసినవనుకో, బండి ముందు మూడు ఇంచులు దిగి ముక్కు నేలకు రాస్తది. నీకు కావాల్సింది ముప్పావు ఇంచి పొట్టి స్ప్రింగు. అమ్మేటోళ్ళు కొందరు స్ప్రింగ్ ఎంత పొట్టో రాస్తరు, కొందరు బండి ఎంత దిగుతదో రాస్తరు, ఫోన్ చేసి అడగకుండ కొనకు. నేను అడగకనే కొన్న, రెండుసార్లు ఊడదీసి బిగించిన.

కోసుడు సంగతైతే అస్సలు వద్దు. చుట్లు తగ్గితే స్ప్రింగు గట్టిబడుతది, ఎంత గట్టిబడుతదో నీ చేతిల ఉండదు. గ్యాస్ పెట్టి కోస్తే ఆ వేడికి ఉక్కు టెంపర్ (గట్టిదనం) పోతది. కోసిన కొస చదునుగ ఉండదు, కింద ప్యాన్‌ల సక్కగ కూర్చోదు. జాకీ పెట్టి చక్రం లేపినప్పుడు పొట్టి స్ప్రింగు లూజయ్యి పక్కకు జరిగినా జరుగుతది.

ఇంకొకటి, ఇది చాల ముఖ్యం. 1974 చివర్ల బండి లేపినప్పుడే రోడ్‌స్టర్లకు ముందు యాంటీ రోల్ బార్, అంటే బండి ఒరగకుండ రెండు దిక్కుల చక్రాలను కలిపే రాడ్, తీసేసిన్రు. లేపిన బండికి బార్ కూడ లేకపోతే ఒరగక ఏమైతది? మళ్ళ 1976 ఆగస్టుల, అంటే 77 మోడల్ నుంచి, ముందు వెనక రెండు దిక్కుల బార్లు పెట్టిన్రు. నీది 76 అంటున్నవు, ఏ నెలదో చూడు. ముందు కిందికి వంగి రేడియేటర్ కింద అడ్డంగ వేలు లావు రాడ్ ఒకటి కనబడుతదా లేదా చూసి చెప్పు. లేకపోతే నీ సగం రోగం ఎత్తు కాదు, అదే.

కమాన్‌కట్ట_బెజవాడ:

ఎంజీబీ నేనెప్పుడూ తోలలేదండి, కానీ వెనక బ్లాకులు అన్నారు, అంటే అక్కడుండేవి కమాన్ కట్టలే (లీఫ్ స్ప్రింగులు) కదా అని రాస్తున్నా. మా నాన్నగారు ఆటోనగర్‌లో ముప్పై ఏళ్ళు లారీలకి కట్టలు కట్టారు, నేను ఆ షెడ్లోనే పెరిగాను, కారైనా లారీ అయినా కట్ట కట్టే.

కుడి వైపు అర ఇంచి దిగి ఉందన్నారు కదా, అక్కడ డ్రైవర్ కుడివైపే కూర్చుంటాడు కాబట్టి ఇన్నేళ్ళ బరువుకి ఆ కట్ట వంపు పోయి ఉంటుంది. అలాంటి కట్ట మీద బ్లాకు పెడితే ఆ వంకర అలాగే ఉంటుంది, ఇంచిన్నర కిందికి దిగుతుందంతే. ముందు రెండు కట్టలూ కడిగి చూడండి, పట్టీల మధ్య తుప్పు ఉబ్బిందా, మెయిన్ పట్టీ కన్ను దగ్గర జుట్టులాంటి పగులేమన్నా ఉందా, కాస్త డీజిల్ రాసి తుడిచి పైన సుద్దపొడి చల్లితే పగుల్లోంచి డీజిల్ ఊరి గీత కనపడుతుంది, నాన్నగారు అలాగే పట్టేవారు.

బ్లాకు పెట్టడం తప్పేం కాదు, సరిగ్గా కూర్చుంటే. కట్ట మధ్యలో సెంటర్ బోల్టు ఉంటుంది చూశారా, దాని తల బ్లాకు రంధ్రంలో పూర్తిగా దిగాలి, బ్లాకుకున్న పిన్ను యాక్సిల్ సీటు రంధ్రంలో దిగాలి. యాక్సిల్ ముందుకీ వెనక్కీ జరక్కుండా ఆపేది ఆ తలే. అది సగం దిగి కూర్చుంటే యూ క్లాంపులు ఎంత బిగించినా బ్రేకు కొట్టినప్పుడల్లా కొద్దికొద్దిగా జరుగుతుంది, చివరికి బోల్టు తెగుతుంది. పాత క్లాంపులే లాగి బిగిద్దామనుకోకండి, పొడుగువి కొత్తవి తీసుకోండి. నాలుగు నట్లూ ఎదురెదురుగా కొంచెం కొంచెం బిగించుకుంటూ రండి, ఒకటి పూర్తిగా బిగించి రెండోదానికి పోతే ప్లేటు వంకరవుద్ది. వంద మైళ్ళు తిరిగాక మళ్ళీ పానా వెయ్యండి, కచ్చితంగా పావు చుట్టన్నా తీసుకుంటాయి. ఒక బ్లాకు మీద ఇంకో బ్లాకు మాత్రం ఎక్కించకండి.

వీలైతే నా మాట, బ్లాకుల కన్నా తక్కువ వంపున్న కొత్త కట్టలే మంచివి. బ్లాకు ఎత్తు పెరిగే కొద్దీ గేర్ వేసి గట్టిగా లాగినప్పుడు యాక్సిల్ మెలి తిరగడం పెరుగుతుంది.

రేపల్లె_టు_రీడింగ్:

ఇద్దరికీ చాలా థ్యాంక్సండి. ఆర్మూర్ అన్నా, ఫోన్ టార్చ్ వేసి కింద పడుకుని చూశాను, రాడ్ లేదు! కాగితాల్లో చూస్తే బండి 1976 మార్చిది, అంటే బార్ తీసేసిన కాలందే. ఇన్ని నెలలుగా ఎత్తు ఎత్తు అని దాన్నే తిట్టుకుంటున్నా. కట్టలు కూడా కడిగి చూశాను, పగుళ్ళు లేవు కానీ కుడివైపుది తేలిగ్గా కనపడేంత చదునైపోయింది. రెండు ప్రశ్నలున్నాయి. ఒకటి, ముందు స్ప్రింగు ఇంట్లో తీయొచ్చా, నా దగ్గర జాకీ, రెండు స్టాండ్లు, మామూలు పానాల సెట్టు ఉన్నాయి. రెండోది, ఇన్సూరెన్స్ వాళ్ళకి చెప్పాలా?

మిషిగన్_మాధవి:

తమ్ముడూ, నేను డెట్రాయిట్ దగ్గర ఉంటాను, సస్పెన్షన్ ఇంజనీర్‌ని, మాది అనకాపల్లి. మా ఇంట్లో 1978 బీ ఉంది. స్ప్రింగు ఇంట్లో తీయొచ్చు, కానీ ఈ ఒక్క విషయంలో తొందర వద్దు. బండి స్టాండ్ల మీద ఉన్నా ఆ స్ప్రింగు ఇంకా నొక్కుకునే ఉంటుంది, ప్యాన్ బోల్టులు నాలుగూ ఒకేసారి తీసేస్తే తుపాకీ గుండులా బయటికొస్తుంది. నేను చేసేదేంటంటే, కింద జాకీ ఆనించి, ఎదురెదురు రెండు బోల్టులు తీసి వాటి స్థానంలో మూర పొడుగు మరలున్న రాడ్లు ఎక్కించి నట్లు వేస్తాను, తర్వాత మిగతా రెండూ తీసి, రాడ్ల నట్లు రెండువైపులా సమానంగా వదులు చేసుకుంటూ వస్తాను. ప్యాన్ మెల్లగా దిగుతుంది, స్ప్రింగు పూర్తిగా సాగి చేత్తో తిప్పితే తిరిగేదాకా దాని ఎదురుగా మొహం పెట్టొద్దు, చెయ్యి పెట్టొద్దు.

విప్పినప్పుడే కింది ఆర్మ్ బుష్షులు కూడా మార్చెయ్, పాత రెండు ముక్కల రబ్బరు బదులు ఎంజీబీ జీటీ వీ8కి వాడిన ఒకే ముక్క మెటల్ బుష్ సరిగ్గా సరిపోతుంది. దీని బోల్టు మాత్రం బండి గాల్లో ఉండగా బిగించకు. చక్రాలు నేల మీద పెట్టి, బండి బరువు దాని మీద పడ్డాకే బిగించాలి. గాల్లో బిగిస్తే రబ్బరు ఆ వంపులోనే అతుక్కుపోయి, కిందికి దించగానే మెలితిరిగి, బండి ఒక పావు ఇంచి ఎక్కువ ఎత్తులోనే ఆగుతుంది, కొన్నాళ్ళకి బుష్ చిరిగిపోతుంది. చాలామంది స్ప్రింగు తప్పని తిరిగి పంపిస్తారు, తప్పు ఇక్కడ ఉంటుంది.

డ్యాంపర్లు (షాక్ అబ్సార్బర్లు) కూడా చూడు. ఈ బండికి ముందు లివర్ ఆర్మ్ డ్యాంపరే పైన విష్‌బోన్, అంటే చక్రాన్ని పైన పట్టుకునే ఆర్మ్. దాని షాఫ్టు దగ్గర ఆయిల్ కారుతుంటే, చేత్తో ఊపితే ఆట ఉంటే, చక్రం పైభాగం ఊగుతుందన్నమాటే, ఎంత దించినా లాభం లేదు. ఆర్మ్ చివర విప్పి దాన్ని చేత్తో పైకీ కిందికీ కదిపితే మొత్తం దూరం ఒకేలా బరువుగా కదలాలి, మధ్యలో ఖాళీ తగిలితే ఆయిల్ తగ్గినట్టు. బ్లాకులు పెట్టినా వెనక డ్యాంపర్ లింకుకి ఏమీ మార్చక్కర్లేదు, లింకు పట్టుకునేది కట్ట కింద ప్లేటుని, ఆ ప్లేటుకీ బాడీకీ దూరం మారదు కాబట్టి. కానీ యాక్సిల్‌కీ పైన బంప్ రబ్బర్‌కీ మధ్య ఖాళీ మాత్రం బ్లాకు మందమంత తగ్గిపోతుంది, అది చూసుకో.

వరుస ఇలా చెప్తాను: ముందు డ్యాంపర్లూ బుష్షులూ, తర్వాత బార్, ఆఖరికి ఎత్తు. బార్ కొనేముందు నీ కింది ఆర్మ్ మీద లింకు బిగించే చోటుందో లేదో చూసుకో. మా 78కి రెండు బార్లూ కంపెనీవే ఉన్నాయి, అందుకే నేను ఒక్క ఇంచి మాత్రమే దించి వదిలేశాను, అదే చాలనిపించింది. దించాక అలైన్‌మెంట్ తప్పదు, టో ఇన్ (ముందు చక్రాలు ముందువైపు కాస్త లోపలికి తిరిగి ఉండటం) 1/16 నుంచి 3/32 ఇంచి మధ్యలో పెట్టించు. హెడ్‌లైట్లు కూడా సరిచేయించు.

ఆర్మూర్_ఆటో:

మాధవక్క చెప్పిన వరుసే కరెక్టు. కొందరు పాత క్రోమ్ బంపర్ బండి ముందు క్రాస్‌మెంబర్ (ముందు సస్పెన్షన్ బిగించే అడ్డ దూలం) తెచ్చి వేస్తరు, దాంతోని ఆర్మ్‌ల కోణం మారకుండ ముక్కు దిగుతది, పద్ధతైతే మంచిదే, కానీ స్టీరింగ్ రాక్ కూర్చునే కోణం తేడా వస్తది, కాలమ్ జాయింట్ సంగతి చూడకుండ దాంట్ల చెయ్యి పెట్టకు. ఇన్సూరెన్సోళ్ళకు చెప్పాలె, దాచకు. నాకైతే మెయిల్ పెడితే రాసుకున్నరు, పైసలు పెంచలె. 40 ఏండ్లు దాటిన బండికి ఎంఓటీ (ఇక్కడ ఏటా చేసే ఫిట్‌నెస్ టెస్ట్) లేదని ఊకుంటరు చానమంది, నేనైతే ఈ పనయినంక సొంతంగ టెస్ట్ చేయించిన, ఇంకొక మనిషి కండ్లు పడితే మంచిది.

రేపల్లె_టు_రీడింగ్:

ఆరు వారాల తర్వాత రాస్తున్నా. ముందు డ్యాంపర్ ఒకటి మధ్యలో ఖాళీ తగిలింది, రెండూ రీకండిషన్‌వి వేశాను. వీ8 బుష్షులు వేశాను, బోల్టులు నేల మీదే బిగించాను, బండి కింద చెయ్యి దూరక చాలా తిప్పలు పడ్డా. బార్ బిగించిన రోజు ఎత్తు ఇంకా ముట్టుకోలేదు, అదే రౌండెబౌట్ తిరిగొచ్చాం, మా ఆవిడ తలుపు పట్టుకోలేదు, మాట్లాడుతూనే ఉంది. అప్పుడే సగం ఆనందం వచ్చేసింది.

తర్వాత ముందు ఇంచి దిగే స్ప్రింగులు ఫోన్ చేసి అడిగి మరీ తీసుకున్నా, వెనక బ్లాకులు మానేసి తక్కువ వంపు కట్టలు జత మార్చాను. బెజవాడ అన్నా, వంద మైళ్ళకి పానా వేస్తే మీరన్నట్టే కుడివైపు రెండు నట్లు పావు చుట్టు తీసుకున్నాయి. టైర్లలో గాలి సరిచేసి, బండిని నాలుగడుగులు ముందుకీ వెనక్కీ నెట్టి కొలిచాను: ముందు రెండూ 14⅞, వెనక కుడి 14¾, వెనక ఎడమ 15. ఆ పావు ఇంచి తేడా కొత్త కట్టలు కుదురుకునేదాకా ఆగి మళ్ళీ కొలుస్తా. అలైన్‌మెంట్ శనివారం.