ఇన్‌బ్రీడింగ్ జబ్బుని పుట్టిస్తుందా, ఉన్నదాన్ని బయటపెడుతుందా?

గడ్డిపరక:
మా లాబ్రడార్‌కి నాలుగేళ్లకే చూపు పోయింది. డాక్టర్ పీఆర్ఏ అన్నారు, రెటీనా మెల్లమెల్లగా చచ్చిపోయే వంశపారంపర్య జబ్బంట, డీఎన్ఏ టెస్టులోనూ అదే తేలింది. పాత కాగితాలు తీసి చూస్తే తండ్రి వైపు తాత, తల్లి వైపు తాత ఒకటే కుక్క! అమ్మినాయన్ని అడిగితే "ఇది లైన్ బ్రీడింగ్ అండీ, ఇన్‌బ్రీడింగ్ కాదు" అని ఫోన్ పెట్టేశాడు. నిజంగా రెండూ వేరా?

పాఠంపంతులు:
వేరు కాదండి, రెండూ దగ్గరి చుట్టాలని కలపడమే. తాత ఒకడే అంటే మీ కుక్క తల్లీ తండ్రీ ఒకే తండ్రి పిల్లలు. ఇన్‌బ్రీడింగ్ కోఎఫిషియంట్ 12.5 శాతం, అంటే ఏ జీన్ తీసుకున్నా దాని రెండు కాపీలూ (తల్లి నుంచి ఒకటి, తండ్రి నుంచి ఒకటి) ఆ తాతలో ఉన్న ఒకే కాపీ నుంచి దిగి ఉండే అవకాశం 8లో 1. సొంత తోబుట్టువులని కలిపితే 25, కజిన్స్‌ని కలిపితే 6.25. జన్యుశాస్త్రవేత్త సీవాల్ రైట్ 1922లోనే ఇచ్చిన లెక్క ఇది, పేరు మార్చినంత మాత్రాన తగ్గదు.

ఒంటిచెట్టు:
లెక్క సరే, కానీ ఒక్క మాట స్పష్టంగా చెప్పండి సార్, ఇన్‌బ్రీడింగ్ జబ్బుని పుట్టించదు. చెడ్డ జీన్ ఆ తాతలో ముందే ఉంది. ఇంగ్లండ్‌లో చిల్లింగ్‌హామ్ పశువులు 300 ఏళ్లకి పైగా బయటి రక్తం లేకుండా వాటిలో అవే కలుస్తున్నాయి, జన్యుపరంగా దాదాపు అన్నీ ఒకేలా ఉంటాయి, ఇప్పటికీ ఈనుతున్నాయి, బతుకుతున్నాయి. దానికేమంటారు?

పాఠంపంతులు:
చిల్లింగ్‌హామ్ నిజమే. కానీ అలా బతికి బయటపడ్డ మంద ఒకటి కనిపిస్తే అంతరించిపోయినవి మనకి కనిపించవు కదా. అమెరికాలో ఫ్లోరిడా పాంథర్లు అనే అడవి పిల్లి జాతి జంతువులని చూడండి, 1990ల్లో ముప్పై లోపే మిగిలాయి, తోకలు వంకర, గుండెలో రంధ్రాలు, మగవాటికి వృషణాలు కిందికి దిగకపోవడం. 1995లో టెక్సస్ నుంచి 8 ఆడవాటిని తెచ్చి వదిలాక ఆ లోపాలు తగ్గాయి, సంఖ్య పెరిగింది. పైగా ఒక్క జబ్బు గురించే కాదు, పిల్లల సంఖ్య, రోగాన్ని తట్టుకునే శక్తి, సంతానం కలగడం అన్నీ కొంచెం కొంచెం దిగజారతాయి.

ఒంటిచెట్టు:
నేనడిగింది అది కాదు. పుట్టిస్తుందా లేదా? అవును, కాదు, రెండిట్లో ఒకటి చెప్పండి.

సన్నజాజి:
స్పెయిన్ రాజు రెండో చార్లెస్ తల్లిదండ్రులు మేనమామ, మేనకోడలు. ఆ లెక్కన 12.5 రావాలి, కానీ పై తరాలన్నీ కలిపి చూస్తే 25 శాతం దాటింది. పిల్లలు లేకుండానే 1700లో 38 ఏళ్లకి పోయాడు. మీ కాగితంలో నాలుగు తరాలే ఉంటే అసలు అంకె ఇంకా ఎక్కువే ఉండొచ్చు అన్నా.

పాఠంపంతులు:
ఒంటిచెట్టు గారూ, పుట్టించదు. జీన్లని మార్చదు, రెండు కాపీలూ ఒకేలా అయ్యే ఛాన్స్ పెంచుతుంది, అంతే. కానీ ఆ "అంతే" చిన్నది కాదు. 100 మందిలో ఒకరికి ఉండే ఒక చెడ్డ జీన్‌కి నేను క్యారియర్ అనుకోండి, అంటే నా రెండు కాపీల్లో ఒకటే చెడ్డది, నాకు జబ్బు రాదు; బయటి మనిషి కూడా క్యారియర్ అయ్యే అవకాశం 100లో 1, నా కజిన్‌కైతే దాదాపు 8లో 1. ఇద్దరం క్యారియర్లమైతే ప్రతి బిడ్డకీ రెండూ చెడ్డవే దిగి జబ్బు వచ్చే అవకాశం 4లో 1.

గడ్డిపరక:
పుట్టించిందో బయటపెట్టిందో నాకెందుకండీ, నా కుక్క గోడలకి గుద్దుకుంటోంది. తెలిసి తెలిసి కలిపినవాడిదే తప్పు.

మొండిగోరు:
మనుషుల్లోనూ అంతే, రక్తసంబంధంలో చేసుకుంటే పిల్లలు అలాగే పుడతారు. చేసుకున్న పాపం.

ఒంటిచెట్టు:
ఇదిగో, ఈ మాట కోసమే ఇందాకట్నుంచి అరుస్తున్నా! మా అమ్మానాన్నలు కజిన్స్. మా చెల్లి పుట్టుకతోనే చెవిటిది. మా అమ్మని ముప్పై ఏళ్లుగా ప్రతి ఫంక్షన్‌లో ఎవరో ఒకరు ఇదే అన్నారు, పాపం అని. మా నాన్నని ఒక్కరూ అనలేదు, గమనించండి. ఆవిడ జబ్బుని తయారు చెయ్యలేదు, ఆవిడకే తెలియని ఒక జీన్ ఇద్దరి దగ్గరా ఉంది, అంతే. మీరు ఇన్‌బ్రీడింగ్ అని మామూలుగా వాడేసే మాట మా ఇంట్లో తిట్టు.

మొండిగోరు:
సారీ బ్రదర్. నేను జనరల్‌గా అన్నా.

గడ్డిపరక:
అన్నా నాకు ఇప్పుడర్థమైంది. కానీ మీ అమ్మగారికి తెలియదు, నాకు అమ్మినాయనకి తెలుసు, కాగితం మీద సంతకం ఆయనదే. ఆ రెండూ ఒకటి ఎలా అవుతాయి?

ఒంటిచెట్టు:
ఒకటి కాదు. టెస్ట్ ఉండి చేయించకుండా అమ్మితే అది మోసమే, ఆ సంగతి నేనూ ఒప్పుకుంటా. సార్, ఒక్కటి అడుగుతా. నా భార్య బయటి సంబంధం. మా పిల్లలకి ఆ 6.25 వస్తుందా?

పాఠంపంతులు:
రాదు. మీ ఇద్దరికీ చుట్టరికం లేకపోతే మీ పిల్లలకి ఆ అంకె సున్నా, మీ 6.25 వాళ్లకి దిగదు. చెల్లెలి చెవుడు రిసెసివ్ జీన్ (రెండు కాపీలూ చెడ్డవైతేనే జబ్బు చేసేది) వల్ల వచ్చినదైతే, బాగా వినిపించే అన్నగా మీరు క్యారియర్ అయ్యే అవకాశం 3లో 2, కావాలంటే టెస్ట్ చేయించుకోండి. ఇంకోటి, ఇంగ్లండ్‌లోని బ్రాడ్‌ఫర్డ్‌లో పుట్టిన పిల్లల మీద 2013లో వచ్చిన పెద్ద అధ్యయనంలో కజిన్స్ పిల్లల్లో పుట్టుక లోపాలు 3 నుంచి 6 శాతానికి పెరిగాయి. రెట్టింపు, కాదనను. కానీ వందలో 94 మంది మామూలుగానే పుట్టారని మీ అమ్మగారికి ఎవరూ చెప్పి ఉండరు.

ఒంటిచెట్టు:
చెప్పలేదు.

గడ్డిపరక:
ఇప్పుడే తెలిసింది, అదే జంటకి నిరుడు ఇంకో ఈత పిల్లలు పుట్టాయట, ఆరుగురికి అమ్మాడట. అమ్మా నాన్నా ఇద్దరికీ చూపు బాగానే ఉంది కాబట్టి ఇద్దరూ క్యారియర్లే అనుకుంటే ఒక్కో పిల్లకీ 4లో 1. ఆ ఆరు ఇళ్ల నంబర్లు ఆయన ఇవ్వనంటున్నాడు, ఎలా కనుక్కోవాలి?