కాసియోపియా ఏ అనే సూపర్‌నోవా అవశేషం కూడా పీఈవీ శక్తి దాకా చేరడం లేదెందుకు?

ఆస్ట్రోఫిజిక్స్ తెలిసినవారు కాస్త వివరించగలరా? సూపర్‌నోవా అవశేషాల్లో (పేలిపోయిన నక్షత్రాల శిథిలాల్లో) ప్రోటాన్లు వేగం పుంజుకుంటాయనడానికి 2013లో ఫెర్మీ టెలిస్కోప్ గట్టి ఆధారమే చూపింది. ఐసీ 443, డబ్ల్యూ44 అనే రెండు అవశేషాల గామా కిరణాల్లో పయాన్ల (ప్రోటాన్లు వాయువును ఢీకొన్నప్పుడు పుట్టే కణాల) విఘటన గుర్తు దొరికింది. అంతవరకు అర్థమైంది.

కాసియోపియా ఏ దగ్గరే ఆగిపోయాను. వయసు సుమారు 350 ఏళ్లే, షాక్ తరంగం ఇంకా సెకనుకు దాదాపు 5,000 కిలోమీటర్ల వేగంతో దూసుకుపోతోంది. అయినా దాని గామా వర్ణపటం కొద్ది టీఈవీల (టీఈవీ అంటే లక్ష కోట్ల ఎలక్ట్రాన్ వోల్టులు) దగ్గరే పడిపోతోందని 2017లో మ్యాజిక్ టెలిస్కోపుల బృందం చెప్పింది. ఇలాంటి అవశేషాల్లోనే పుడతాయనుకునే విశ్వకిరణాల (అంతరిక్షం నుంచి వచ్చే వేగమైన కణాల) వర్ణపటం వంగే చోటేమో 3 పీఈవీ, అంటే 3,000 టీఈవీ దగ్గరుంది! ఇంత తేడా ఎలా?

పీఈవీ ప్రోటాన్లు పేలుడు జరిగిన తొలి ఏళ్లలోనే పుట్టి బయటికి వెళ్లిపోయాయా? అలాగైతే చుట్టుపక్కల వాయు మేఘాల నుంచి గామా కిరణాలు రావాలి కదా? లేక షాక్ దగ్గర అయస్కాంత క్షేత్రం అసలు అంతగా పెరగదా? ఎమ్మెస్సీ స్థాయిలో చెప్పినా చాలు, లెక్కలున్నా ఫరవాలేదు.