అప్‌డేట్: మంద వెనకబడుతున్న ఆవు సంగతి

నర్సంపేట వైపు చెరువు శిఖంలో (నీళ్లు తగ్గితే తేలే చెరువు నేల) విడిగా మేసే మందలో ఒక ఆవు రోజూ వెనకబడుతోంది, ఏం చూడాలని పోయిన వారం అడిగిన. మీరు చెప్పినట్టే 20 అడుగుల దూరంలో, పక్కనుంచి నిలబడి చూసినం. నెమరేస్తోంది, ఎడమ డొక్క నిండుగానే ఉంది, పేడ గట్టిగనే ఉంది. అంటే కడుపు సమస్య కాదు. కానీ కుడి ముందుకాలు మోపినప్పుడల్లా తల పైకి ఎగరేస్తోంది, అంటే ఆ కాలు నొప్పితో కుంటుతోంది.

ఇదివరకు మందను అదిలించి చూసేది, అదే తప్పు. బెదిరిన పశువు కుంటును దాచేస్తది. పండుకున్నది దానంతట అది లేచి నడిచే మొదటి పది అడుగులే చూడాలె.

పశువుల అంబులెన్స్ నంబరు 1962కు ఫోన్ చేసినం. డాక్టర్ వచ్చి గిట్టల సందులో విరిగిన తుమ్మ ముల్లు తీసి, పుండు కడిగి, అయోడిన్ పెట్టిన్రు. మూడోనాటికి మందతో కలిసి నీళ్లకు దిగింది. ఈగలు వాలకుండా పుండు మానేదాకా రోజూ చూస్తున్నం.